మా ట్యాంకు మోటారు బోర్డుకు పట్టిన జబ్బు వదిలించిన ఇద్దరికి కృతజ్ఞతలు

తిరుచానూరు దగ్గర మా ఇంట్లో, మిద్దె మీది ట్యాంకును చూసి మోటారు వేసి ఆపే బోర్డు ఒకటి నోడ్‌ఎమ్‌సీయూతో (ఈఎస్‌పీ8266 చిప్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు) కట్టుకున్నాను. ఇప్పుడది పేచీ లేకుండా నడుస్తోందంటే ఇద్దరి చలవే. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి సారు, అన్న అనే అంటాను.

బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్చు రిలే. దానికి బల్బు కలిపి చూస్తే అంతా బాగుండేది. స్టార్టర్‌లోని కాంటాక్టర్‌కు, అంటే మోటారుకు కరెంటిచ్చే పెద్ద స్విచ్చుకు, కలిపితే మాత్రం, ట్యాంకు నిండి రిలే ఆఫ్ అయ్యే క్షణంలోనే బోర్డు రీసెట్ అయ్యేది. ఒక్కోసారి బిగుసుకుపోయి, కరెంటు తీసి వేస్తే తప్ప లేచేది కాదు. అడాప్టర్ మార్చమని కొందరు, ఈఎస్‌పీ32 అనే వేరే బోర్డు కొనమని కొందరు. నాకు కోడ్ మీద అనుమానం, ఇంట్లోవాళ్లకు నా మీద అనుమానం.

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన సారు ఫోన్‌లో ఒక్కటే అడిగారు: "రీసెట్ అయి లేచేటప్పుడు బోర్డు ఏం చెబుతోంది నాయనా?" బోర్డు పంపే మాటలను కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్ వేగం 115200లో ఉంటే ఈఎస్‌పీ8266 మొదటి వరుసలు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. 74880కి మార్చమన్నారు. మార్చగానే రీసెట్ కారణం 4 అని కనిపించింది. కరెంటు పోయి వస్తే 1 వస్తుంది. 4 అంటే ప్రోగ్రామ్ మధ్యలో చిక్కుకుపోతే చిప్‌లోని కాపలా టైమర్ (వాచ్‌డాగ్) తట్టి లేపిందని. "ఆఫ్‌లోనే వస్తోందంటే కాంటాక్టర్‌లోని తీగచుట్టని, కాయిల్‌ని చూడాల. వైండింగ్ షాపుకు పో" అన్నారు.

షాపులో అన్న రిలే నీలం మూత ఊడదీసి, షట్టర్ సగం దించి, కాంటాక్టర్ ఆఫ్ చేయించాడు. రిలే పాయింట్ల మధ్య సన్నటి నీలి మెరుపు. "చూసినావా సామీ, ఇదే నీ దయ్యం!" కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు ఎగిరే వోల్టేజీ అది, బోర్డును తికమక పెట్టింది అదే. రిలే మాడ్యూల్‌లో దాని సొంత కాయిల్‌కు ఆ వోల్టేజీని అణచే డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఉంటుంది. కాంటాక్టర్‌ది 230 వోల్టుల ఏసీ కాయిల్, అక్కడ డయోడ్ పనికిరాదు. 100 ఓమ్స్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి కాయిల్‌కు అడ్డంగా వేయాలి. దీన్నే స్నబ్బర్ అంటారు. పాడైన కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై) నుంచి పసుప్పచ్చ కెపాసిటర్ ఒకటి ఊడదీసి, దాని మీద మెయిన్స్ కరెంటుకు తగిన రకమని చెప్పే 'ఎక్స్2, 275' గుర్తు ఉందో లేదో కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. మెయిన్స్ మీద మామూలు కెపాసిటర్ వేస్తే ఎప్పుడో ఒకప్పుడు షార్టయి కాలుతుందట. ట్యాంకులో నీటిమట్టం చెప్పే ఫ్లోట్ స్విచ్ వైర్లను మోటారు వైర్ల పక్క నుంచి తప్పించిందీ ఆయనే. మెయిన్ ఆపకుండా ఎవరినీ బాక్సు ముట్టనివ్వలేదు.

కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఆ రోజు నుంచి బోర్డు రీసెట్ కాలేదు.

ఇద్దరూ పైసా తీసుకోలేదు. మా చిన్నాన్న తోటలో బేనీషా కోతకొచ్చాక చెరో పెట్టె మీ ఇళ్లకు వస్తుంది. దాన్ని మాత్రం వద్దనకండి.