అమ్మలుకి, నీ కారు మైలేజీ గురించి

పటమట,
విజయవాడ.

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆదివారం ఫోన్‌లో నువ్వు చెప్పిన లెక్క నా బుర్రలోంచి పోవడం లేదు. నీ మజ్దా ఆర్‌ఎక్స్-8 గ్యాలనుకి 11 మైళ్లు ఇస్తోంది. మన లెక్కలో లీటరుకి 4.7 కిలోమీటర్లు. ఆటోనగర్‌కి లోడుతో వచ్చే పది టైర్ల లారీ ఇచ్చే మైలేజీ అది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, మళ్లీ చూసుకోడానికి ఉండదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. దగ్గర ఉంచుకో.

మీ అమ్మ ఆ కారు అమ్మేయమంటోంది. నేను అనను. షాపువాళ్లు ఆక్సిజన్ సెన్సార్ మార్చారు, తగ్గలేదు. ఇప్పుడు పెట్రోలు పంపు మార్చాలంటున్నారు. అది మాత్రం ఇప్పుడే ఒప్పుకోకు. ఏం పోయిందో తెలియకుండా సామాను మార్చుకుంటూ పోతే నీ డబ్బు అయిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

ముందుగా, ఆ కారు ఆకలి ఎంతో, జబ్బు ఎంతో విడదీసుకోవాలి. ఆర్‌ఎక్స్-8 మాన్యువల్ గేరు బండికి అమెరికా ప్రభుత్వం వేసిన లెక్క ఊళ్లో 16, హైవే మీద 22. మన లెక్కలో 6.8, 9.4. అది దాని పుట్టుక. మీ మిషిగన్ చలిలో, ఊళ్లో తిరుగుడులో 14 వచ్చినా నేను బండిని తప్పు పట్టను. 14కీ 11కీ మధ్య ఉన్నదే మనం వెతకాల్సిన జబ్బు. ఏదో డబ్బా పోస్తే 25 ఇస్తుందని ఎవరన్నా చెబితే నమ్మకు.

ఆ పుట్టుక ఎందుకు అలా ఉందో నువ్వు పంపిన సర్వీసు మాన్యువల్ ముందు పెట్టుకుని బొమ్మ గీసుకుంటే అర్థమైంది. ముప్పై ఏళ్లు డీజిల్ పంపులు, నాజిళ్లు కాలిబ్రేషన్ చేసినవాణ్ణి, ఇలాంటి రోటరీ ఇంజన్ కళ్లతో చూడలేదు. రెండు గింజల వేరుశనక్కాయ లాంటి గది, నడుం దగ్గర కాస్త నొక్కుకుపోయి. అందులో పక్కలు ఉబ్బిన సమోసా లాంటి రోటరు. దాని మూడు కొసలూ గోడని తాకుతూ తిరుగుతుంటే ఒక పక్క గాలీ పెట్రోలూ పీలుస్తుంది, ఒక పక్క నొక్కుతుంది, ఒక పక్క కాలి బయటికి పోతుంది. రోటరు ఒక్క చుట్టు తిరిగేలోగా షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు లేవు, పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు లేవు. ఒక్కో రోటరుకి 654 సీసీ, రెండూ కలిపి 1308. మన ఊళ్లో తిరిగే చిన్న కారు సైజు ఇంజన్ 9000 ఆర్‌పీఎం దాకా వెళ్లి 230 పైచిలుకు హార్స్‌పవర్ ఇస్తుందంటే, ఆ బొమ్మ ముందు కూర్చుని చాలాసేపు చూశాను తల్లీ. నీకెందుకు నచ్చిందో అప్పుడు తెలిసింది.

కానీ పెట్రోలు కాలే ఆ చోటు పొడుగ్గా, పల్చగా ఉంటుంది. గ్లాసులో టీ ఎంతసేపటికీ చల్లారదు, సాసర్లో పోస్తే చిటికెలో చల్లారుతుంది కదా. అలాగే మంట వేడి గోడలు లాగేసుకుంటాయి, అంచుల్లో ఉన్న పెట్రోలు పూర్తిగా కాలకుండానే బయటికి పోతుంది. మజ్దా వాళ్లకి ఇది కొత్త బాధ కాదు. 1961లో జర్మనీ ఎన్‌ఎస్‌యూ కంపెనీ నుంచి ఈ ఇంజన్‌కి లైసెన్సు తెచ్చుకున్నారు. యమమోటో కెనిచి అనే పెద్దాయన కింద 47 మంది ఇంజనీర్లు కూర్చుని లోపలి గోడల మీద పడే గీతలు పోగొట్టడానికే ఏళ్లు పట్టింది. ఆ గీతలకి దయ్యం గోళ్లు అని పేరు పెట్టుకున్నారట. 1967లో ఈ ఇంజన్‌తో కాస్మో స్పోర్ట్ అనే కారు వచ్చింది. ఆరేళ్లు తిరగ్గానే 1973 పెట్రోలు సంక్షోభం. పెట్రోలు ఎక్కువ తాగుతుందని ఈ ఇంజన్‌కి పేరు పడిపోయింది, కంపెనీయే మునిగేదాకా వచ్చింది. అయినా వదల్లేదు. నీ కారులో పొగ బయటికి వెళ్లే దారుల్ని పక్క గోడలకి మార్చింది కూడా పెట్రోలు వృథా తగ్గించడానికే.

ఇక పని. కొలత సరిగ్గా ఉందా అన్నది మొదటిది. డాష్‌బోర్డు ముల్లు చూసి లెక్క వేయకు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ను మొదటిసారి తనంతట తాను కట్టయ్యేదాకా ఫుల్ చేయించు. తిరిగి ఖాళీ అయ్యాక అక్కడే అలాగే ఫుల్ చేయించు. ఎన్ని మైళ్లో ఫోన్‌లో జీపీఎస్‌తో కూడా సరిచూడు. పాత ఓనరు టైర్ల సైజు మార్చి ఉంటే మీటరు దొంగలెక్క చెబుతుంది. కంపెనీ టైరు 225/45 ఆర్18. టైరు పక్కన చదువు. చలి ముదిరేకొద్దీ గాలి దానంతటదే తగ్గుతుంది, 32 పీఎస్‌ఐ ఉందో లేదో పొద్దున్నే బండి తియ్యకముందు చూడు.

తర్వాత బండి స్వేచ్ఛగా దొర్లుతోందా అన్నది. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. నువ్వు రెండో క్లాసులో ఉన్నప్పుడు గుంటూరు నుంచి మిర్చి టిక్కీలు తోలే స్వరాజ్ మజ్దా వ్యాను ఒకటి మన షెడ్డుకి వచ్చింది. మైలేజీ పడిపోయిందని ఓనరు గోల. పంపు దించి కాలిబ్రేషన్ చేశాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు. మళ్లీ దించాను, నాజిళ్లు మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు పక్కన కూర్చుని మంగళగిరి దాకా వెళ్లాను. ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్ చేయిస్తే బండి దొర్లకుండా ఆగిపోతోంది. దిగి హబ్బు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. వెనక చక్రం బ్రేకు పట్టేసి ఉంది. పంపులో ఏ దోషమూ లేదు. రెండుసార్లు తీసుకున్న డబ్బు ఆయనకి తిరిగి ఇచ్చేశాను, కానీ ఆయన మూడు నెలలు తగలేసిన డీజిల్ తిరిగి ఇవ్వలేకపోయాను కదా. అది ఇప్పటికీ నాకు బాధే. ఆ తర్వాత ఏ బండి వచ్చినా నేను హబ్బులు తడమడం నువ్వు స్టూలు మీద కూర్చుని చూసేదానివి.

నువ్వూ అదే చెయ్యి. బ్రేకు ఎక్కువ వాడకుండా పది మైళ్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ముందు దూరంగా పెట్టి చూడు. ఒకటి మిగతా మూడింటికంటే బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. మీ దగ్గర మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి బ్రేకులు తుప్పుపట్టి బిగుసుకుపోవడం సహజం.

మూడోది నీ ప్రయాణం. ఆఫీసు మూడు మైళ్లే అన్నావు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, వేడెక్కేలోగా నువ్వు ఆఫీసు దగ్గర ఆపేస్తావు. కాబట్టి ఒక ట్యాంకు మొత్తం శని, ఆదివారాల్లో హైవే మీదే తిప్పు. అప్పుడు 19, 20 వచ్చిందనుకో, నీ బండికి పెద్ద జబ్బు లేదు, దగ్గర తిరుగుడే తినేస్తోంది. హైవే మీద కూడా 13, 14 దాటకపోతే లోపల ఏదో ఉంది. ఈ ఒక్క పరీక్ష వంద సెన్సార్ల పెట్టు.

కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించే స్కానర్ ఒకటి కొనుక్కో, ఖరీదేం కాదు. దాంట్లో కూలెంట్ వేడి చూడు. నీ కారు మీటరులో ముల్లు మధ్యలో ఉంటే చాలు అనుకోకు, వేడి చాలా దూరం అటూ ఇటూ అయినా ఆ ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. బండి పది, పదిహేను నిమిషాలు నడిచాక స్కానర్‌లో 80 సెల్సియస్ డిగ్రీలు దాటి అక్కడే నిలబడాలి. హైవే ఎక్కగానే 65, 70కి పడిపోతుంటే థర్మోస్టాట్, అంటే కూలెంట్ దారి తెరిచి మూసే మూత, తెరుచుకుని ఉండిపోయింది. కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. చిన్న సామాను, అందులోనూ చలి ఊరు, ముందు అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం మాత్రం ప్లగ్గులకి నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే కాయిళ్ల మీద. రోటరుకి రెండు ప్లగ్గులు, ఒక్కోదానికి ఒక కాయిలు, మొత్తం నాలుగు. కింది ప్లగ్గు లీడింగ్, పైది ట్రెయిలింగ్. నాలుగింట్లో ఒకటి నీరసపడితే మామూలు ఇంజన్‌లో అయితే వెంటనే మిస్సింగ్ తెలుస్తుంది. ఇక్కడ రెండో ప్లగ్గు లాక్కొస్తుంది కాబట్టి బండి నడుస్తూనే ఉంటుంది, పికప్ కాస్త తగ్గినట్టు ఉంటుంది అంతే, లైటు కూడా వెలగకపోవచ్చు. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోతుంది. అసలు మెలిక ఇక్కడుంది చూడు. కాలని గాలిలో ఆక్సిజన్ మిగిలిపోతుంది. సెన్సార్ ఆ ఆక్సిజన్‌ని చూసి పెట్రోలు తక్కువైంది అని చెబుతుంది. కంప్యూటర్ ఇంకా పోస్తుంది. ఇంకా కాలదు, ఇంకా పోస్తుంది. షాపువాళ్లు ఆ సెన్సార్‌నే దోషి అనుకుని మార్చి ఉంటారు. పాపం అది చూసింది చూసినట్టే చెప్పింది.

అలా కాలకుండా పోయిన పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడి కాలుతుంది. అది ఎర్రగా కాగి లోపలి తేనెపట్టు కరిగి మూసుకుపోతుంది. పొగ బయటికి పోలేక వేడి ఇంజన్ వైపే ఎదురు తంతుంది, రోటరు కొసల్లో ఉండే సీళ్లు పాడవుతాయి. చిన్న కాయిలు కోసం చూసుకోకపోతే ఇంజన్ పోతుంది. అందుకని చెక్ ఇంజన్ లైటు టపటపా కొట్టుకుంటుంటే ఎంత అర్జంటు పనున్నా బండి పక్కకి ఆపేయి. ఈ కార్లు నడిపేవాళ్లు 30,000 మైళ్లకే కాయిళ్లు మార్చేస్తారు. నీ బండి కాయిళ్లు ఎప్పుడు మార్చారో కాగితాల్లో లేదన్నావు. అయితే నాలుగు కాయిళ్లు, వైర్లు, ప్లగ్గులు ఒక్కసారే మార్చు. ఈ ఒక్క విషయంలో కొలవకుండా మార్చమంటున్నాను, ఎందుకంటే ఇవి అరిగిపోయే సామాను, గడువు తెలియనివి ఉంచుకోకూడదు.

పాత ప్లగ్గులు పారేయకు. ఎడమ ముందు చక్రం తీస్తే అవి అందుతాయి. ఇంజన్ పూర్తిగా చల్లారాక తీయి. జాకీ ఒక్కదాన్ని నమ్మి చెయ్యి పెట్టకు తల్లీ, కింద స్టాండు తప్పకుండా వేయి. లీడింగ్, ట్రెయిలింగ్ ప్లగ్గులు వేరువేరు రకం, ఒకదాని చోట ఒకటి పెట్టకు. కొత్తవి చేత్తో తిప్పి రెండు మూడు మరలు ఎక్కాకే పాన పెట్టు, ఆ గోడ అల్యూమినియం.

ఎయిర్ ఫిల్టర్ చూడు. పాత ఓనరు నూనె పట్టించే రకం ఫిల్టర్ వేసి ఉంటే ఆ నూనె గాలి కొలిచే సెన్సార్ తీగ మీద పేరుకుని కొలత తప్పుతుంది. దానికోసమే అమ్మే స్ప్రే కొట్టి ఆరనివ్వు, వేలు, గుడ్డ తగలనివ్వకు. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది, కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, అది అటూ ఇటూ 5 లోపు ఉంటే సరే, 10 దాటితే ప్లస్సో మైనస్సో నాకు రాయి.

ఇవన్నీ అయ్యాక కూడా బండి వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి మొరాయిస్తే కంప్రెషన్, అంటే రోటరు గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూపించాలి. మామూలు గేజి పనికిరాదు, రోటరు మూడు ముఖాల్నీ విడివిడిగా చూపించే టెస్టర్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లు. 250 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకి 6.9 కేజీల కంటే తక్కువ రాకూడదు. తగ్గితే అది పెద్ద ఖర్చు. 2004 నుంచి 2008 దాకా వచ్చిన బండ్లకి కంపెనీ ఇంజన్ వారంటీ 8 ఏళ్లు, లక్ష మైళ్లకి పెంచింది కానీ నీ 2005 బండికి ఆ గడువు ఎప్పుడో దాటింది. ఆ కంప్రెషన్ లెక్కల కాగితం చేతికి వచ్చాకే ఉంచాలా అమ్మాలా అని మీ అమ్మ, నువ్వు, నేను కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ మాట వద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు. పార్కింగ్‌లో జరపడానికని చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వెంటనే ఆపకు. లోపల పెట్రోలు నిండి ప్లగ్గులు తడిసి మళ్లీ స్టార్ట్ కాదు. రెండోది, ఆ ఇంజన్ సీళ్లు తడవడానికి ఆయిల్ కావాలనే కొంచెం కాలుస్తుంది. రెండుసార్లు పెట్రోలు కొట్టించావంటే ఒకసారి ఆయిల్ పుల్ల చూడాలి. మైలేజీ కోసం బండిని మరీ నీరసంగా కూడా నడపకు. బాగా వేడెక్కాక రోజుకోసారి 8000 ఆర్‌పీఎం దాటించు, కార్బన్ పట్టదు.

మీ అమ్మ అమ్మేయమంటోంది గానీ, నీ కారు ఫొటో ప్రింటు తీయించి కొండమీదికి తీసుకెళ్లి దుర్గమ్మ దగ్గర పూజ చేయించింది. కుంకుమ ఈ కవర్లోనే పెట్టింది, చూసుకో. గోంగూర పచ్చడి వచ్చే నెల బాబాయి వాళ్లతో పంపుతాం.

నిన్ను షెడ్డులో టిక్కెట్లు రాయనిచ్చాను గానీ పాన ఎప్పుడూ పట్టనివ్వలేదు. ఆడపిల్ల చేతులు నల్లబడతాయనుకున్నాను. ఆ రోజు నేర్పి ఉంటే ఇవాళ ఇంత పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ నేర్పుతాను, వీడియో కాల్‌లో ఎంతసేపైనా కూర్చుంటాను, మీకు పగలైతే మాకు రాత్రి అని ఆలోచించకు.

పాత ప్లగ్గులు నాలుగూ తీశాక తెల్ల కాగితం మీద వరసగా పెట్టు. పై వరస ట్రెయిలింగ్, కింది వరస లీడింగ్, ఎడమ వైపు ముందు రోటరువి, కుడి వైపు వెనక రోటరువి. పేర్లు రాసి, ఎండలో ఫొటో తీసి పంపు. మసి ఏ ప్లగ్గు మీద ఉందో చూసి మిగతాది చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న