వార్షిక నివేదిక: తలుపు మీది కాగితం పీకేసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది నివేదికలో మన సాయంత్రపు చదువు గది గురించి గొప్పగా రాసుకున్నాం. బ్యాగులు పంచాం, నోట్‌బుక్కులు పంచాం, ఫొటోలు దిగాం. ఈసారి చేసిన పనులతో పాటు చేసిన తప్పు కూడా చెప్పాలి. అది ఏ ఒక్కరిదీ కాదు, కమిటీ మొత్తానిది.

గది తెరిచిన కొత్తలో తలుపు మీద ఒక కాగితం అంటించాం: "చంటిపిల్లలను తీసుకురాకూడదు." ఏడుపుల మధ్య చదువు సాగదని మన లెక్క. ఐదో తరగతి అమ్మాయి ఒకతె రోజూ తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేది. మర్నాటి నుంచి రావడం మానేసింది. శ్రద్ధ లేదనుకుని హాజరు పట్టీలో పేరు కొట్టేశాం. మూడు వారాల తర్వాత మన కార్యకర్త ఒకరు ఇంటికి వెళ్తే సంగతి తెలిసింది. తల్లి పని నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. అప్పటిదాకా పిల్లవాణ్ణి చూసుకోవాల్సింది ఈ పిల్లే. "ఆ కాగితం మా వాళ్లందరికీ చదివి వినిపించింది నేనే" అందట.

కాగితం పీకేశాం. గదిలో ఒక మూల చాప పరిచాం. పెద్ద పిల్లలు చదువుకుంటుంటే చిన్నవాళ్లు అక్కడ ఆడుకుంటారు. ఉద్యోగం నుంచి రిటైరైన మన సభ్యురాలు ఒకరు ఖాళీ డబ్బాలు, సీసా మూతలు, పాత క్యాలెండర్ బొమ్మలు తెచ్చి వాళ్లతో కూర్చోవడం మొదలుపెట్టారు. "ఇదేంటి, ఎరుపు మూత ఎక్కడ పోయింది?" అంటూ గంటసేపు ఒకటే కబుర్లు.

ఇది కాలక్షేపం పని అనుకున్న సభ్యులున్నారు, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం. 1986-87లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పోషకాహారం చాలక ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. వాళ్లలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికి ఒక గంట వెళ్లారు. ఇంట్లో చేసుకున్న బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపించారు. అంతే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అలాంటి స్థితిలోనే ఉండి ఈ సాయం అందని పిల్లలకంటే సుమారు 25 శాతం ఎక్కువ. మన చాప ఆ స్థాయిది కాదు. కానీ పుట్టిన మొదటి రెండు మూడేళ్లలో మెదడు ఎదిగే వేగం తర్వాత మళ్లీ ఉండదు. ఆ వయసులో ఎదురు మాట్లాడే మనిషి కావాలి. రోజంతా కష్టపడి ఇంటికొచ్చిన తల్లికి ప్రేమ తక్కువై కాదు, ఓపిక మిగలక మాటలు తగ్గుతాయి.

నోట్‌బుక్కుల సంగతీ ఇలాంటిదే. ఒక అబ్బాయి రాత మరీ గజిబిజిగా ఉందని, చీమ తలకాయంత అక్షరాలు రాస్తాడని వాలంటీర్లు విసుక్కునేవారు. పుస్తకం తెరిచి చూస్తే రెండు గీతల మధ్య రెండు వరుసలు! పుస్తకం అయిపోతే ఇంట్లో అడగాలి, అడగడం వాడికి ఇష్టం లేదు. మనం ఇచ్చిన కొత్త పుస్తకాలేమో దాచిపెట్టాడు. ఇప్పుడు పుస్తకాలు ఏడాదికోసారి సభ పెట్టి పంచడం లేదు. అల్మారాలో ఉంచుతున్నాం, అయిపోయినవాళ్లు అడగకుండానే తీసుకుంటారు.

కళ్లకు, రక్తహీనతకు పరీక్షలు చేయించాం. బోర్డు కనపడక పక్కవాడి పుస్తకం చూసి రాసుకునేవాళ్లు బయటపడ్డారు. ఐరన్ తక్కువైన పిల్లల నీరసాన్ని ఇన్నాళ్లూ బద్ధకం అని తిట్టాం.

తల్లిదండ్రుల సమావేశాలు మాత్రం ఈ ఏడాదీ సరిగా జరగలేదు. రారు, వచ్చినా చెప్పింది మర్చిపోతారు అని ఫిర్యాదు. ఇక్కడ ఒక మాట. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధనలో తమిళనాడు చెరకు రైతులు 464 మందికి ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షలు పెట్టారు. పంట కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఒకసారి. డబ్బు చేతికొచ్చాక ఇంకోసారి. అదే మనుషులు రెండోసారి మెరుగ్గా చేశారు. అప్పు టెన్షన్ బుర్రలో తిరుగుతుంటే ఫారం మీద సంతకం మర్చిపోవడం నిర్లక్ష్యం కాదు. సమావేశాల వేళ ఆదివారం ఉదయానికి మారుస్తున్నాం.

ఇవన్నీ ఎందుకు, ఆ డబ్బేదో కుటుంబాలకే ఇచ్చేద్దాం అని సర్వసభ్య సమావేశంలో గట్టి వాదన నడిచింది. కొట్టిపారేసేది కాదు. అయితే అమెరికాలో 2018 నుంచి వెయ్యి మంది పేద తల్లులతో జరుగుతున్న అధ్యయనంలో ఒక వర్గానికి నెలకు 333 డాలర్లు, రెండో వర్గానికి 20 డాలర్లు ఇచ్చారు. నాలుగేళ్ల వయసులో పిల్లల భాషలో, ఆలోచనా శక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. డబ్బు అక్కర్లేదని దీని అర్థం కాదు, ఇంటికి ఊపిరాడుతుంది. మనకున్న నిధితో ఆ పని చేయలేం కాబట్టి చేయగలిగింది చేద్దామని తీర్మానించాం.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం. ఫ్లెక్సీలకు, శాలువాలకు ఈసారి ఖర్చు లేదు.

చాప అంచులు చిరిగాయి, కొత్తది కావాలి. మంగళ, శుక్రవారాల్లో చిన్నపిల్లల దగ్గర కూర్చోవడానికి ఇద్దరు కావాలి. పాఠం చెప్పడం రాకపోయినా పర్వాలేదు, కబుర్లు వస్తే చాలు.

ఇట్లు,
కార్యదర్శి