అప్‌డేట్ ఆగిపోతే తెలుగులో చెప్పాలి

సంపాదకులకు,

కావలి దగ్గర మా ఊరి పఠన మందిరంలో నాలుగు పాత కంప్యూటర్లు ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నడిపే శక్తి మా యంత్రాలకు లేదు. మూలన పడేయడానికి మనసొప్పక వాటిలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేశాం. ఉద్యోగ దరఖాస్తులు నింపుకోవడానికి, హాల్‌టికెట్లు ముద్రించుకోవడానికి అవి చక్కగా సరిపోయాయి. ఎక్కించేటప్పుడు తెలుగు ఎంచుకుంటే ప్రశ్నలన్నీ తెలుగులోనే వచ్చాయి. ఆ రోజు మా ఊరివాళ్ల సంతోషం ఇంతా అంతా కాదు.

మొన్నొక మధ్యాహ్నం అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక కొత్త ప్రోగ్రాములు ఎక్కవు, ఉన్నవి అప్‌డేట్ కావు. పని మధ్యలో ఆగింది, ఫలానా ఆదేశాన్ని మీరే ఇవ్వండి అని ఇంగ్లిషులో ఒక వాక్యం మాత్రం కనిపించింది. ఆ ఆదేశం ఎక్కడ టైపు చేయాలో లేదు. మందిరాన్ని చూసుకునే డిగ్రీ విద్యార్థిని యంత్రం పాడైందనుకుని పది రోజులు దానిమీద గుడ్డ కప్పి ఉంచింది. నేను వెళ్లి ఆ ఒక్క పంక్తి కొట్టగానే రెండు నిమిషాల్లో బాగుపడింది. చేయాల్సిన మరమ్మతు ఏమిటో యంత్రానికే తెలిసినప్పుడు, ‘సరిచేయమంటారా?’ అని తెలుగులో అడిగి ఒక బటన్ చూపడానికి అడ్డేమిటి?

లినక్స్‌లో ప్రోగ్రాములు ఎక్కించి, అప్‌డేట్ చేసే పనిముట్లు చేసిన మేలు నేను మరిచిపోలేదు. ఒకప్పుడు ఒక ప్రోగ్రాము కావాలంటే దానికి తోడు కావలసిన భాగాలన్నీ మనమే వెతికి తెచ్చుకునేవాళ్లం. ఆప్ట్, యమ్ వంటి పనిముట్లు ఆ బరువు దించాయి. కరెంటు సమస్యకూ మందు ఉంది. ఫెడోరా సిల్వర్‌బ్లూ అనే లినక్స్ రకం, అప్‌డేట్ అయిన కొత్త రూపాన్ని పక్కన సిద్ధం చేసుకుని, కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడే దానికి మారుతుంది. మధ్యలో ఆగినా పాతది చెక్కుచెదరదు. ఓపెన్‌సూసే అనే మరో రకంలో అప్‌డేట్‌కు ముందున్న స్థితికి వెనక్కి వెళ్లవచ్చు. ఈ రక్షణ ప్రతి లినక్స్‌లోనూ మొదటి నుంచే ఉండాలని నా విన్నపం.

డేటా సంగతి కూడా చెప్పాలి. మాది ఫోను నుంచి పంచుకునే ఇంటర్నెట్. ఒకే ప్రోగ్రాము డెబ్ అనే పొట్లంగా ఒకసారి, స్నాప్, ఫ్లాట్‌పాక్ అనే వేరే రకాల పొట్లంగా మరోసారి కనిపిస్తుంది. ఏది ఎంచుకుంటే ఎంత డేటా ఖర్చవుతుందో, రెండింటికీ తేడా ఏమిటో మామూలు మాటల్లో ఉండదు. నాలుగు కంప్యూటర్లూ ఒకే అప్‌డేట్‌ను నాలుగుసార్లు దించుకుంటాయి. ఒకచోట దాచి పంచుకునే మార్గం ఉన్నా, అది అమర్చుకోవడం తెలిసినవారికే సాధ్యం.

కేరళ పాఠశాలల్లో అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్, ఉబుంటు అనే లినక్స్ రకాన్ని తమ అవసరాలకు మలచి వాడుతోంది. మన రాష్ట్రంలోనూ అది జరగాలి. అంతవరకూ ఆగనక్కరలేదు. నెల్లూరు, ఒంగోలు ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు ఏటా ప్రాజెక్టులు చేస్తున్నారు. అప్‌డేట్ ఆగినప్పుడు ఇంగ్లిషులో కనిపించే ఇలాంటి సందేశాలు ఎవరైనా అనువదించి పంపగలిగేవే. వారు ఆ పని చేపట్టాలి. అయితే నిఘంటువు ముందు పెట్టుకుని రాసి పంపేయకూడదు; చదివినవారికి తర్వాత ఏం చేయాలో తెలిసిందా అని చూడాలి. అలా పరీక్షించడానికి మా నాలుగు యంత్రాలూ, వాటిని రోజూ వాడే పిల్లలూ సిద్ధంగా ఉన్నారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి