ఫెయిర్‌ఫర్డ్ చర్చి యాత్ర జమా ఖర్చులు, ఆ 120 పౌండ్ల సంగతి

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ మొదటి శనివారం మన తెలుగువాళ్లం ఇంగ్లండ్‌లోని స్విండన్ నుంచి ఫెయిర్‌ఫర్డ్ వెళ్లి, అక్కడి పాత చర్చి రంగుటద్దాల కిటికీలు చూసొచ్చిన లెక్కలు ఇవి. ఆ చర్చికి 120 పౌండ్లు ఎందుకిచ్చారని అడిగినవాళ్లకి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఆలస్యానికి ఏమనుకోకండి, రసీదులన్నీ ఒకచోటికి చేరేసరికి ఇన్ని రోజులు పట్టింది, ఒకటైతే ఇంకా చేరనేలేదు.

ముందు జమ. పెద్దవాళ్లు 29 మంది, తలకు 18 పౌండ్లు, 522 అయింది. పిల్లలు 12 మంది, ఎనిమిదేసి పౌండ్ల చొప్పున 96. ఉగాదికి వసూలైన దాంట్లో మిగిలిన 74.50 ఇందులోకే తెచ్చాం. జ్వరాలొచ్చి ఆగిపోయిన ఒక కుటుంబం, వద్దన్నా వినకుండా 20 ఇచ్చింది. మొత్తం 712.50 పౌండ్లు.

ఖర్చులో పెద్దది బస్సు, 340. డ్రైవర్‌గారి చేతిలో పెట్టింది 20. గంట ఆలస్యంగా బయల్దేరినందుకు అదనంగా 45 కట్టాల్సి వచ్చింది, అందులో బస్సువాళ్ల తప్పేం లేదు, తప్పంతా మనదే. చర్చి ఆవరణలో టిడిల్స్ అనే పిల్లికి చిన్న సమాధి ఉంది కదా, 1963 నుంచి 1980 దాకా ఆ చర్చినే ఇల్లు చేసుకున్న పిల్లి, రాతితో దాని బొమ్మ చెక్కి పెట్టారు. పిల్లలు అక్కణ్నుంచి కదిలితే ఒట్టు. ఈలోగా పెద్దవాళ్లలో సగంమంది కోల్న్ నది ఒడ్డుకు ఫొటోలకి వెళ్లిపోయారు. ఎవరెవరో పేర్లు రాయను, వాళ్లకే తెలుసు.

పులిహోర, పెరుగన్నం, అరటిపళ్లు, మిగతా వంట సామాన్లు 96.40. ప్లేట్లు, గ్లాసులు, చెత్త సంచులు 17.25, పోయిన రసీదు ఇదే. చర్చిలో కొన్న పుస్తకం, పోస్ట్‌కార్డులు 24. బైనాక్యులర్లు రెండు, 19. ఇవెందుకని ఇద్దరు అడిగారు. కిటికీల్లో కొన్ని ఎంత ఎత్తున ఉన్నాయంటే, కింద నిలబడి చూస్తే రంగులే తప్ప ముఖాలు కనబడవు. ఉత్తరం వైపు పై వరసలో క్రైస్తవుల్ని హింసించినవాళ్లు పన్నెండుగురు ఉన్నారు, హేరోదు రాజు, యేసుని పట్టిచ్చిన యూదా లాంటివాళ్లు. ఎండ తగలని వైపు కావాలనే పెట్టారట. ఎదురుగా దక్షిణం వైపు ఎండలో హతసాక్షులు, అంటే మతం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు. బైనాక్యులర్ లేకపోతే ఆ దుర్మార్గుల తలల మీద కూర్చున్న దయ్యాలు మనకి కనబడేవే కాదు. ఇప్పుడవి కమిటీ సొత్తు, ఎవరికి కావాలన్నా తీసుకెళ్లి మళ్లీ ఇవ్వండి.

ఇక గొడవంతా దేని మీదో అది, చర్చికి ఇచ్చిన 120. రసీదు లేదు, కవర్లో పెట్టి పెట్టెలో వేస్తుంటే ముగ్గురం ఉన్నాం. "మన గుడికైతే సరే, చర్చికి మన డబ్బులేంటి, లోపలికి టికెట్ కూడా లేదు కదా" అని ఒకాయన ఫోన్ చేసి అడిగారు. టికెట్ లేదు కాబట్టే ఇచ్చామండీ. నలభై ఒక్కమందిమి రెండు గంటలు తిరిగి చూసి ఊరికే వచ్చేయడం నాకైతే నచ్చలేదు.

అక్కడ మనం చూసిందేమిటో ఒక్కసారి తలచుకోండి. జాన్ టేమ్ అనే ఉన్ని వ్యాపారి గొర్రెల బొచ్చు మీద సంపాదించిన డబ్బుతో, పాత గోపురం అడుగు భాగం ఉంచేసి, మిగతా చర్చి అంతా కొత్తగా కట్టించాడు. 1500లో పోయాడు, కిటికీల పని కొడుకు ఎడ్మండ్ చేతుల మీద పూర్తయింది. ఏడో హెన్రీ రాజుగారి దగ్గర గాజు పనిచేసిన బర్నార్డ్ ఫ్లవర్ మనుషుల పనితనమని నిపుణులంటారు. మొత్తం 28 కిటికీలు. ఆ తర్వాత మత సంస్కరణలంటూ, అంతర్యుద్ధమంటూ దేశంలో ఎక్కడపడితే అక్కడ రంగుటద్దాలు పగలగొట్టారు. ఆ కాలపు కిటికీలు దాదాపు పూర్తిగా మిగిలిన ఊరి చర్చి ఇంగ్లండ్‌లో ఇదొక్కటే.

గుంటూరు అత్తయ్యగారు ఆ రోజు మనతో ఉండటం మన అదృష్టం. ఏదెను తోటలో హవ్వ దగ్గర మొదలుపెట్టి, మండుతున్న పొద, గిద్యోను పరిచిన గొర్రె బొచ్చు, సొలొమోనును చూడవచ్చిన షేబ దేశపు రాణి, ఇలా కిటికీ కిటికీకీ ఆగి బైబిలు కథ చెబుతుంటే, చర్చి గడప తొక్కనని ఇంట్లో భీష్మించిన మా నాన్నగారు "అచ్చం తోలుబొమ్మలాటే, దీపం బదులు సూర్యుడు" అన్నారు. పడమటి కిటికీలో లోకాంతాన దేవుడు అందరికీ తీర్పు చెప్పే తీర్పు దినం, చేపమూతి సాతాను, తోపుడు బండిలో ఆడమనిషిని నరకానికి తోసుకుపోతున్న దయ్యం పిల్లలకి తెగ నచ్చాయి. 1703 తుఫానులో ఆ కిటికీ బాగా దెబ్బతింది, పై సగం 19వ శతాబ్దంలో చేసిన కొత్త గాజు. కింద సగంతో పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది, నాకు కిందిదే ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో కిటికీలన్నీ ఊడదీసి దాచారు. 1980ల చివర్లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా ఒక్కో కిటికీ దించి, శుభ్రం చేసి, వానా గాలీ తగలకుండా బయట మామూలు అద్దం పెట్టి, పాత గాజుని కొంచెం లోపలికి జరిపి బిగించారు. గాయకుల బల్లల కింద చెక్కిన బొమ్మలు చూసినవాళ్లు తక్కువ. పద్నాలుగు ఉన్నాయి, ఒకదాంట్లో భార్య మొగుణ్ని బాదుతోంది, ఇళ్లల్లో ఏం జరిగేదో చర్చిలో కూడా దాచుకోలేదు మహానుభావులు.

మనమిచ్చిన 120ని 28 కిటికీలకి పంచితే ఒక్కోదానికి నాలుగు పౌండ్ల చిల్లర. ఒక కాఫీకే అయిపోయే డబ్బు. అయినా ముందు అందర్నీ అడక్కుండా, అక్కడికక్కడ నలుగురం అనుకుని ఇచ్చాం, ఆ మాట మాత్రం నిజమే. ఇకమీదట 50 దాటితే ముందు గ్రూపులో అడుగుతాం. అభ్యంతరం ఉన్నవాళ్లకి వాళ్ల వాటా నా జేబులోంచి ఇస్తాను, నిష్టూరం ఏమీ లేదు.

మొత్తం ఖర్చు 681.65. మిగిలింది 30.85, బతుకమ్మ పూల ఖాతాలో వేశాం. మిగతా రసీదులన్నీ కవర్లో పెట్టి మా ఇంట్లో ఉంచాను, ఎప్పుడొచ్చినా చూడొచ్చు. ప్లేట్ల రసీదు ఎవరి కోటు జేబులోనైనా దొరికితే ఫొటో తీసి పంపండి. నీలం మూత స్టీలు డబ్బా ఒకటి కూడా మా ఇంట్లోనే ఉంది, ఎవరిదో చెప్పండి.