ఏడాది పెంటలోనూ నిన్నటి పేడ

సంపాదకుడు గారికి,

పశువుల ఎరువు వాడమని సలహా ఇచ్చేవారు అది ఎలా మాగాలో చెప్పడం లేదు. ఏడాది పాతదని రైతు నమ్మే పెంటకుప్పలో నిన్నటి పేడ కూడా ఉంటుంది. రోజూ కొట్టం ఊడ్చి అదే కుప్ప మీద పోస్తాం గదా! బండికెత్తేటప్పుడు పైదీ కిందదీ కలిసిపోతాయి.

పేడలోని పరాన్నజీవులన్నీ మనిషికి సోకవు. కానీ నెలలోపు దూడల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం విరేచనాలు తెస్తుంది. పంది పెంటలోని ఏలికపాము గుడ్లూ మనుషులకు సోకగలవు. వాటి పెంకు దళసరి, తేమ నేలలో ఏళ్లపాటు బతుకుతాయి. అందుకే కుప్ప వయసు కన్నా, వాటిని చంపే వేడి చూడాలి.

మధ్యలో 55 డిగ్రీల సెల్సియస్ వేడి 15 రోజులు నిలవాలి. ఈలోగా కనీసం ఐదుసార్లు తిరగేయాలి, లేకుంటే అంచుల్లోని పేడకు వేడి తగలదు. ఎత్తు 4-5 అడుగులు ఉండాలి, చిన్న కుప్ప త్వరగా చల్లారుతుంది. ఒట్టి పేడ ముద్దకట్టి గాలాడదు కాబట్టి గడ్డి, చొప్ప ముక్కలు కలపాలి. గుప్పిట్లో పిండితే చేయి తడవాలి, నీరు ధారకట్టకూడదు. ఇనుప చువ్వ గుచ్చి వేడి చూడటం మోటు పరీక్ష, 50కీ 55కీ తేడా చెప్పదు. థర్మామీటరు కొనడమే మేలు. మాగుతున్న కుప్ప మీద కొత్త పేడ వేయకుండా పక్కన రెండోది మొదలుపెట్టాలి.

వర్మీకంపోస్టుతో భయం లేదనుకుంటారు. 35 డిగ్రీలు దాటితే వానపాములే బతకవు, ఇక ఆ బెడ్డు వేడెక్కేదెక్కడ? ముందు వేడికుప్పలో మాగిన పేడనే బెడ్డుకు వాడాలి. పంటకు పోసే పేడ ద్రావణం జీవామృతంలోనూ 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పచ్చి పేడ పడుతుంది. అయిదు మైక్రాన్ల క్రిప్టోస్పోరిడియం వడకట్టే గుడ్డకు ఆగదు. కాబట్టి పండ్ల చెట్ల పాదుల్లో పోయండి గానీ కొత్తిమీర, తోటకూర ఆకుల మీద చల్లకండి.

మట్టి తగిలే పంటలకు పచ్చి పేడ వేస్తే కోతకు 120 రోజులు ఆగాలని అమెరికా సేంద్రియ నిబంధన. మన తోటకూర నెలకే కోతకొస్తుంది. పచ్చి పేడ వేయక తప్పదంటే ముందు పంట మొక్కజొన్నకో వరికో వేసుకోవాలి.

డెల్టా ఊళ్లలో ఇంకో మాట. పెంటకుప్ప నీరు కాలువలో కలిస్తే పశువుల కాలేయంలో బతికే పరాన్నజీవి, కాలేయపు జలగ గుడ్లు పొదిగి, పిల్లలు నత్తల్లో పెరిగి, గట్టు గడ్డికి అంటుకుంటాయి. జలగ మందు తాగించిన గేదె మళ్లీ అదే గడ్డి మేస్తుంది.

ఇట్లు,
ఒక పశువైద్యుడు, తెనాలి