గేటు దగ్గర కూడా అడగాలి

విమానాల్లో పవర్ బ్యాంకులు అంటుకున్న వార్తలు తరచూ వస్తున్నా, మన విమానాశ్రయాల్లో విమానం ఎక్కే గేటు దగ్గర జాగ్రత్తలు చాలడం లేదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో టేకాఫ్‌కు సిద్ధమవుతున్న ఎయిర్ బుసాన్ విమానం పైభాగం కాలిపోయింది. లోపలున్న 176 మందీ ఎమర్జెన్సీ ద్వారాల నుంచి బయటపడ్డారు. సీట్ల పైనున్న అరలో పెట్టిన పవర్ బ్యాంకే కారణం కావచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీ నుంచి దిమాపూర్ వెళ్లే విమానంలోనూ ఒకటి అంటుకుంది. విమానం ఇంకా నేల మీదే ఉంది కాబట్టి గండం గడిచింది. నేను చూసిన లోపం వేరే ఉంది. విమానం నిండిపోతే గేటు దగ్గర చేతి బ్యాగులు తీసుకుని కింద సామాన్ల గదిలోకి పంపేస్తారు. అందులో పవర్ బ్యాంక్ ఉందా అని ఆ హడావిడిలో ఎవరూ అడగరు. క్యాబిన్‌లో పొగ వస్తే కనీసం కంటికి కనపడుతుంది, కింద వస్తే సిబ్బంది చేయి కూడా చేరదు. పైగా గల్ఫ్‌కు వెళ్లే మన కరీంనగర్, నిజామాబాద్ కార్మికుల్లో చాలామందికి ఇంగ్లిష్, హిందీ ప్రకటనలు సరిగా అర్థం కావు. కాబట్టి గేటు దగ్గర తీసుకునే ప్రతి బ్యాగునూ తెరిపించి పవర్ బ్యాంక్ తీయించాలి, దాన్ని అరలో కాకుండా ప్రయాణికుడి దగ్గరే ఉంచుకోమని తెలుగులోనూ చెప్పాలి. ఉబ్బిపోయినవి, వాట్-అవర్ సామర్థ్యం (ఎంత విద్యుత్తు నిల్వ ఉంటుందో చెప్పే అంకె) ముద్రించనివి భద్రతా తనిఖీలోనే ఆపేయాలి. పౌర విమానయాన డైరెక్టరేట్ ఈ మేరకు విమాన సంస్థలకు ఆదేశాలివ్వాలి.

– ఒక ప్రయాణికుడు, జగిత్యాల