సోలార్ పెట్టించుకుంటున్నారా? డీసీ బాక్స్ మూత తీయించి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రాయితీ వస్తుండటంతో మా తెనాలిలో డాబాల మీద ప్యానెళ్లు బాగానే లేస్తున్నాయి. సంతోషం. అందరూ ప్యానెల్ ఏ కంపెనీది, ఇన్వర్టర్‌కు ఎన్నేళ్ల వారంటీ అని అడుగుతున్నారు. ప్యానెళ్ల డీసీ కరెంటు (ఒకే దిశలో పారేది) ఇన్వర్టర్‌కు చేరేముందు దాటే, గోడకు బిగించే డీసీ బాక్స్‌లో ఏముందని అడిగినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకూ కనపడలేదు.

మొన్న వైశాఖంలో పక్కింటి కోడలు పరుగున వచ్చి, "బాబాయిగారూ, మేడమీద ప్లాస్టిక్ కాలిన వాసన" అంది. వెళ్లి చూస్తే బాక్స్ మూత ఒక పక్క కరిగి వంగింది. ముందు ఇన్వర్టర్ ఆపించాను. పొద్దు గుంకేదాకా బాక్స్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. చీకటి పడ్డాక విప్పితే, లోపల ఇళ్లలో దిశ మారుతూ పారే ఏసీ కరెంటుకు వాడే మామూలు ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే బ్రేకర్ స్విచ్చు! నల్లగా మాడింది, అయినా దాని మీద అల లాంటి ఏసీ గుర్తు తెలుస్తూనే ఉంది. బిగించిన కుర్రాణ్ణి అడిగితే "32 ఆంపియర్లది పెట్టాను సార్, సరిపోతుంది" అన్నాడు.

సరిపోదు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. బ్రేకర్ తెరుచుకున్నప్పుడు పుట్టే ఆర్క్, అంటే నిప్పు మెరుపు, అక్కడ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరసగా కలిపితే ఎండలో దాదాపు 300 వోల్టులు. ఆ ఆర్క్ ఆరక, బ్రేకర్‌నే కాలుస్తుంది.

"ఏదన్నా అయితే ట్రిప్పవుతుందిలే" అన్న ధీమా కూడా ఇక్కడ పనికిరాదు. ఆ ప్యానెల్ మామూలుగా 13 ఆంపియర్లు ఇస్తే, షార్టయినా 14 దగ్గరే ఆగుతుంది. ఇక 32 ఆంపియర్ల బ్రేకర్ ఎందుకు పడుతుంది? ఒకే వరస ఉన్న ఇంటికి కావలసింది, ఎండలో తిప్పినా ఆర్క్‌ను చంపి లైను తెంపగల డీసీ ఐసొలేటర్. దాని వోల్టుల రేటింగు ప్యానెళ్ల మొత్తం వోల్టుల కన్నా ఎక్కువుండాలి. చలికాలం ఉదయాల్లో ఆ వోల్టులు ఇంకా పెరుగుతాయి. డీసీ ఎంసీబీలోనూ ప్లస్, మైనస్ గుర్తులున్న రకాన్ని తిరగేసి కలిపితే ప్రమాదమే.

మీటరు తనిఖీకి వచ్చే సిబ్బంది ఆ మూత కూడా తీసి చూడాలని నా విన్నపం. బిల్లులో "డీసీ బాక్స్ 1" అని రాసి వదలకుండా, లోపలి ఐసొలేటర్, సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగుల వంటి వాటితో ఎగసే వోల్టుల నుంచి కాపాడేది) ఎన్ని డీసీ వోల్టులవో రాయించాలి. ఇంటివాళ్లు చివరి వాయిదా ఇచ్చేముందు మూత తీయించండి. డీసీకి గుర్తు అడ్డగీత, దాని కింద చుక్కల్లాంటి చిన్న గీతలు. అల గుర్తొక్కటే కనిపిస్తే, ఎండలో ఆ మీట దించకండి. ఇన్వర్టర్ ఆపి, చీకటి పడ్డాక తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి.

– విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్, తెనాలి